తీసి ఉండాలా, మూసి ఉండాలా

మా షాపుకొచ్చి సోలినాయిడ్ వాల్వు కావాలన్నవాళ్ళకి ముందు వాల్వు దొరకదు, నా ప్రశ్నలు దొరుకుతాయి. లోపల పారేది ఏంటి? నీళ్ళా, గాలా, గ్యాసా, ఆవిరా? ప్రెషరెంత? పైపు సైజెంత? కాయిలుకి ఎన్ని వోల్టులిస్తారు? ఇవన్నీ చెప్పాక ఆఖరి ప్రశ్న ఒకటుంటుంది. దాని దగ్గరే నూటికి తొంభై మంది నసుగుతారు.

"పెళ్ళిచూపులకొచ్చిన అత్తగారిలాగా ఏంటమ్మాయ్ ఈ ఆరాలు? వాల్వియ్యి, పోతా" అని మార్టూరు గ్రానైటు యూనిట్ల వాళ్ళు విసుక్కుంటారు.

"ఇప్పుడు ఆరా తీయకపోతే రేపు నువ్వే నా మీదకి పోట్లాటకొస్తావ్. చెప్పు ముందు" అంటాను.

చిలకలూరిపేటలో ఆ కౌంటరు వెనక నిలబడి పన్నెండేళ్ళయింది. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. అయినా సగం మంది నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి "ఓనరు లేడా?" అంటారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నాకు కోపం ఎక్కువని అందరూ చెబుతారు, నిజమే. ఆ కోపం ఏం చేయగలదో మాత్రం ఆ రోజు వరకూ నాకు తెలియదు.

సోలినాయిడ్ వాల్వు అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కరెంటుతో పనిచేసే కుళాయి, అంతే. పైన ఒక కాయిలు ఉంటుంది. కరెంటివ్వగానే అది అయస్కాంతమై లోపలి ఇనప ముక్కని పైకి లాగుతుంది, దారి తెరుచుకుంటుంది. కరెంటు పోతే స్ప్రింగు ఆ ముక్కని కిందకి తోస్తుంది, దారి మూసుకుపోతుంది. మామూలుగా అమ్ముడుపోయేది ఈ రకమే. దీనికి సరిగ్గా తిరగబడ్డ రకం ఇంకొకటుంది. కరెంటు లేనంతసేపూ తెరిచే ఉంటుంది, కరెంటిస్తేనే మూసుకుంటుంది. రెండూ చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి. అందుకే ఆ ఆఖరి ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇది ఎలా ఉండాలి?

ఇక ఆ ఫోను సంగతి.

పర్చూరు రోడ్డులో మిరపకాయలు ఎండబెట్టి కారం పట్టే యూనిట్టు ఒకటుంది. ముసురు పట్టి కల్లాల్లో కాయ ఎండకపోతే బూజు పడుతుందని, అక్కడ గ్యాసు మంటతో వేడిగాలి కొట్టే డ్రయ్యరు పెట్టుకున్నారు. మా అమ్మ అక్కడే తొడిమలు తీసే పనికి వెళ్తుంది. మానెయ్యమ్మా అంటే "ఇంట్లో కూర్చుని గోడలు లెక్కబెట్టమంటావా?" అంటుంది. ఆ యూనిట్టు మేస్త్రి నాకూ తెలుసు. మంచివాడే, నోరే పెద్దది.

"అమ్మాయ్, గ్యాసు లైను మీద కాయిల్ వాల్వు కాలిపోయింది. అట్టాంటిదే ఇంకోటి బస్సుకేసెయ్" అన్నాడు ఫోన్లో.

"రేకు మీద నంబరు చెప్పండి బాబాయ్."

"నంబరెక్కడుంది, కారం పట్టి అంతా అరిగిపోతే? ముప్పావు అంగుళం పైపు. రెండొందల ముప్పై వోల్టులు. సరిపోయిందా?"

"కరెంటు పోయినప్పుడు వాల్వు తీసి ఉండాలా, మూసి ఉండాలా?"

"తీసి ఉండాలి."

నా చెయ్యి రాస్తూ రాస్తూ ఆగింది. గ్యాసు లైను మీద కరెంటు పోయినప్పుడు తెరిచి ఉండే వాల్వా? ఫ్యాను ఆగిపోతుంది, మంట ఆరిపోతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. కరెంటు తిరిగి రాగానే అంటించే నిప్పురవ్వ దానంతటదే కొడుతుంది. ఇంకేముంది!

"బాబాయ్, గ్యాసు కదా. కరెంటు పోయినా తీసి ఉంటే ఎట్టా?"

"ఇదిగో అమ్మాయ్, కరెంటు పోయిందంటే తీసి ఉండాల్సిందే. లేకపోతే మనుషులు పోతారు. ముప్పై ఏళ్ళ నుంచి ఈ మంటల దగ్గరే బతుకుతున్నా. తాతకి దగ్గులు నేర్పుతావా నువ్వు? మీ ఓనరుకియ్యి ఫోను."

ఆ వారంలో ఓనరుకియ్యమని నన్ను అడగడం అది మూడోసారి. ఒళ్ళు మండిపోయింది. ఇంకొక్క ప్రశ్న అడిగితే తేలిపోయేది. గ్యాసు పోవాలా, ఆగాలా, అంతే. అడగలేదు. "అక్కర్లేదులెండి, మీరడిగిందే పంపిస్తా" అని ఫోను పెట్టేశాను. ఏదో గాలి బయటికి వదిలే పక్క లైనేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడం కూడా కాదు, అబద్ధం చెప్పుకున్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం కదా, అనుభవించనీ, నాకేం కొంప మునిగింది అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను.

తిరగబడ్డ రకం ఎప్పుడో గానీ అమ్ముడుపోదు, వెనక అరలో ఉంటుంది. స్టూలెక్కి తీశాను. దుమ్ము తుడిచాను. తర్వాత ఎవరూ నన్ననకుండా డబ్బా మీద మార్కరుతో ఎన్, ఓ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు పెద్దగా రాశాను. నార్మల్లీ ఓపెన్ అని దానర్థం. మధ్యాహ్నం పర్చూరు బస్సుకి వేసేశాను.

రెండు రోజులు ఎదురుచూశాను, ఫోను చేసి నాలుక్కరుచుకుంటాడని. అసలు ఆ వాల్వు బిగించి కరెంటిస్తే మంటే రాదు, ఎందుకంటే కరెంటిస్తే అది మూసుకుంటుంది. చచ్చినట్టు వెనక్కి పంపిస్తాడు, అప్పుడు చెబుతా ఈయన సంగతి అనుకున్నాను. ఫోను రాలేదు. వేరే పనుల్లో పడి నాకు ఆ విషయమే గుర్తులేకుండా పోయింది.

మూడు వారాలు గడిచాయేమో. ఒక మధ్యాహ్నం అన్నాలవేళ దాటాక అమ్మ ఫోను చేసింది. నాలుగు రోజుల ముసురు అప్పుడే విడిచి పేటలో ఎండ పెళపెళలాడుతోంది. నేను ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి వాషర్లు లెక్కపెట్టుకుంటున్నాను.

"ఏమే, తిన్నావా? ఇవాళ మాకు పండగేలే. మేస్త్రి లేడు. పన్ను తీయించుకోడానికి మీ పేటే వచ్చాడు. ఆ అరుపులు లేక చెవులు చల్లగా ఉన్నయ్."

"ఊఁ."

"అరుస్తాడుగానీ, నీ వాల్వుని ఒకటే పొగడ్తనుకో. ఆయన నోటెంట ఒకళ్ళని మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలా. ముందుదైతే ముట్టుకుంటే చుర్రుమనేది. ఇది ఎంతసేపున్నా చల్లగానే ఉంటదంట. నేను కూడా చెయ్యేసి చూశా. కుండలో నీళ్ళలాగా ఎంత చల్లగా ఉందో!"

"ఊఁ" అని, ఆగిపోయాను. నా చేతిలో వాషర్లు అలాగే ఉండిపోయాయి.

పనిచేస్తున్న కాయిలు చల్లగా ఉండదు. ఉండకూడదు. కరెంటు పారుతున్నంతసేపూ కాలుతూ ఉంటుంది. చల్లగా ఉందంటే దానికి కరెంటే లేదు.

"అమ్మా, ఆ వాల్వుకి వైర్లున్నాయా?"

"వైర్లా? అవి మేస్త్రి ఆ రోజే తీసేశాడుగా. వైరు పెడితే మంట రాలేదంట, తీస్తే వచ్చిందంట. కరెంటు కూడా తినని వాల్విచ్చింది మీ అమ్మాయి అని నవ్వాడు."

ఓరి నాయనో! నేను పంపిన వాల్వు అక్కడ వాల్వే కాదు, ఉత్త గొట్టం ముక్క. మూడు వారాలుగా దానికి మూసుకోవడమనేదే లేదు. మంట వచ్చింది కదా అని అందరూ సంతోషపడి కూర్చున్నారు.

"మరి... మరి కరెంటు పోతే ఏం చేస్తున్నారమ్మా?"

"ఏముంది, మేస్త్రి ఆయనకున్న అలవాటుకొద్దీ వెనక్కెళ్ళి సిలిండర్ల దగ్గర చేత్తో తిప్పుతాడు. కాస్త ఆలస్యమైతే వాసనొస్తది. మా వాళ్ళంతా ముక్కు మూసుకుంటారు... ఆఁ, ఇదిగో, అనుకుంటూనే ఉన్నాం, తీశాడు."

"ఏం తీశాడు? ఎవరు?"

"కరెంటేనే. తీసేశాడు."

మేస్త్రి లేడు. కరెంటు పోయింది. గ్యాసు వస్తోంది. ఈ మూడు ముక్కలూ నా బుర్రలో ఒకదాని పక్కన ఒకటి చేరేసరికి నేను కేకలు పెడుతున్నానని కూడా నాకు తెలియలేదు. కౌంటరు ముందున్నవాళ్ళు బెదిరిపోయి వెనక్కి జరిగారు.

"అమ్మా! లేవండి! అందరూ బయటికొచ్చెయ్యండి! ఎవ్వరూ అగ్గిపెట్టె గీయొద్దు, స్విచ్చి ముట్టుకోవద్దు! సిలిండర్ల దగ్గర చేత్తో తిప్పే వాల్వుంది చూడు, అది ఎవరితోనైనా..." అని నోరు మూసుకున్నాను. ఎవరితో? ఇంకెవరి అమ్మతో?

"తీసెయ్యమంటావా?" అంది అమ్మ. అప్పటికే నడుస్తోంది, ఆయాసం వినపడుతోంది.

"తీయొద్దు! తీయొద్దమ్మా! మూసెయ్! మూసెయ్!"

"అదేనే, మూసెయ్యడమే తీసెయ్యడమంటే! ఫ్యాను తీసెయ్ అంటే ఆపమనేగా! ఎందుకట్టా అరుస్తావ్?"

ఫ్యాను తీసెయ్. లైటు తీసెయ్. కరెంటు తీశాడు. తలుపు తీయమంటే తెరుస్తాం, లైటు తీయమంటే ఆపుతాం. పుట్టినప్పటి నుంచీ నేనూ అలాగే మాట్లాడుతున్నాను. తీసి ఉండాలా, మూసి ఉండాలా అని నేనడిగితే మేస్త్రి తీసి ఉండాలన్నాడు. గ్యాసు తీసేసి ఉండాలని, ఆగిపోయి ఉండాలని. లేకపోతే మనుషులు పోతారని కూడా చెప్పాడు. ఆయన చెప్పింది అక్షరాలా సరైనదే. నేను అనుకున్నదే ఆయనా చెప్పాడు, ఒకే మాట మీద నిలబడి ఇద్దరం పోట్లాడుకున్నాం.

"ఎటు తిప్పాలే?"

"ఊరగాయ సీసా మూత బిగిస్తావు చూడు, అటు. గట్టిగా. ఇంకా గట్టిగా."

మూలుగు వినపడింది. "ఆఁ, బిగించా. ఇక కదలట్లా."

"అంతా బయటికొచ్చారా? లోపలికి మాత్రం వెళ్ళకు."

"వస్తన్నారు. ఆ చెవుడు ముసలామె ఒకతే ఇంకా కాయల ముందు కూర్చుంది. పిలిస్తే వినపడి చావదు. ఉండు, డ్రయ్యరు పక్క గుమ్మంలోంచి చెయ్యూపుతా... ఆఁ, లేచింది. రా, రా! అమ్మయ్య, ఇదిగో కరెంటు కూడా వచ్చేసిందే."

ఫోన్లో ఢబ్బుమంది. అంతే. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేశాను. స్విచాఫ్.

స్కూటీ ఎలా తీశానో, పేట దాటి ఎలా వెళ్ళానో నాకు సరిగ్గా గుర్తులేదు. ముందు పత్తి లారీ ఒకటి రోడ్డంతా ఆక్రమించి పోతోంది. దూది ముక్కలు ఎగిరొచ్చి ముఖానికి తగులుతున్నాయి. హారను కొడుతూ ఏడుస్తూ "దేవా, దేవా" అంటున్నాను. డబ్బా మీద నా చేత్తో నేను రాసిన ఆ రెండు అక్షరాలే కళ్ళ ముందు కనపడుతున్నాయి. మా అమ్మ అక్కడే పనిచేస్తుందని నాకు తెలుసు. స్టూలెక్కినప్పుడు తెలుసు, దుమ్ము తుడిచినప్పుడు తెలుసు. అయినా కోపంలో ఒక్కసారి కూడా ఆమె గుర్తు రాలేదు. ఇది నేను ఎవరికి చెప్పుకోను?

యూనిట్టు ఇంకా కనపడకముందే మిరపకాయలు మాడిన ఘాటు గొంతు పట్టుకుంది. షెడ్డు ముందు ఆడవాళ్ళంతా కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. నేను స్కూటీ కింద పడేసి పరుగెత్తాను. అమ్మ సున్నపు బస్తా మీద కూర్చుని ఉంది. ఎవరో తడిగుడ్డ మోచేతికి చుట్టారు. ముందు జుట్టు కాలి నలుసులు నలుసులుగా రాలుతోంది. కనుబొమలు లేవు. ఆ ముఖం మా అమ్మది కాదేమో అని ఒక్క క్షణం వెనక్కి తగ్గాను.

"వచ్చావా? ఫోను పగిలిపోయిందే" అంది. చెవుడు ముసలామె దూరంగా గోడ వారన ఉండబట్టి ఆమెకి ఏమీ కాలేదు. మిగతా ఎవరికీ ఏమీ కాలేదు. గ్యాసు బిగించినా అప్పటికే డ్రయ్యరులో చేరింది కొంత ఉంది, రవ్వ కొట్టగానే అదే భగ్గుమంది. ఇంకాస్తసేపు వచ్చి ఉంటే షెడ్డు మిగిలేది కాదు.

మేస్త్రి ఆటోలో దిగాడు. బుగ్గ బంతిలా వాచి ఉంది, నోట్లో దూది కుక్కారు. నేను ఆయన మీదకి వెళ్ళాను. అంతా తెలిసి కూడా వెళ్ళాను చూడండి, అదీ నా కోపం.

"తీసి ఉండాలని ఎందుకన్నారు మీరు?"

ఆయన అయోమయంగా చూశాడు. దూది పక్కకి నెట్టుకుని, "తీసే ఉండాలిగదమ్మా. కరెంటు పోతే గ్యాసు తీసెయ్యాలిగా" అన్నాడు. "నువ్వు కూడా డబ్బా మీద రాశావుగా, నో అని. కరెంటు లేకపోతే గ్యాసు నో. అది చూసి, ఈ పిల్లకి పని తెలుసు అనుకున్నా."

ఎన్, ఓ. నో. ఎవరూ నన్ననకుండా రాసుకున్న అక్షరాలు.

"మరి వైరెందుకు పీకారు?"

"వైరు పెడితే మంట రాలా. కొత్త రకమేమోలే అనుకున్నా. నిన్నడగాల్సింది. ఆ రోజు నీ మీద అరిచానుగా, మళ్ళీ చెయ్యడానికి మొహం చెల్లలా." ఆయన అలాగే నేల మీద కూలబడి మా అమ్మ కాళ్ళు పట్టుకోబోయాడు. "ఒక్కసారి ఎదురడిగి ఉండాల్సిందమ్మా మనిద్దరం" అన్నాడు.

ఘాటు తగ్గాక లోపలికి వెళ్ళాను. డ్రయ్యరు రేకు తలుపు ఊడిపోయి ఎగిరొచ్చి ఒక చోట పడి ఉంది. పైకెత్తి చూస్తే కింద ముక్కాలిపీట చితికిపోయి, సగం తొడిమలు తీసిన కాయల గంప నలిగిపోయి ఉన్నాయి. మా ఇంటి పీటే అది. మిగతా పీటలన్నీ దూరంగా గోడ వారన ఉన్నాయి.

"మీ అమ్మొక్కతే ఇక్కడ కూర్చునేది" అంది నా వెనకాలే వచ్చిన ఒకామె. "వాసనొస్తందని మేమంతా అటు జరిగితే ఆమె ఒప్పుకునేది కాదు. మా అమ్మాయి ఇచ్చిన వాల్వుండగా భయమేంటే పిరికిముండల్లారా అని గొట్టం పక్కనే పీటేసుకునేది."

ఇంటికి తీసుకొచ్చాక చేతికి మందు రాస్తూ అమ్మకి చెప్పాను. వాల్వు తప్పుదని, తప్పని అనుమానం వచ్చి కూడా కోపంతో పంపించానని. విన్నది. చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత "నోర్మూసుకో, ఎవరన్నా వింటారు" అంది. ఇంకెప్పుడూ ఆ మాట నన్ను ఎత్తనివ్వలేదు.

ఆ రోజు నుంచీ కౌంటరు దగ్గర నేను తీసి అనే మాట వాడను. గ్యాసు పోవాలా, ఆగాలా అని అడుగుతాను. ఓనరుకియ్యమంటే ఇస్తాను, కానీ జవాబు చెప్పించుకున్నాకే ఇస్తాను.

చెయ్యి మానాక మా ఊరి చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. నన్ను కూడా రమ్మని పట్టుబట్టింది. కనుబొమలు ఇంకా సరిగ్గా మొలవలేదు. మైకు రెండు చేతుల్తో పట్టుకుని, ప్రభువు తన కూతురి నోట మాట్లాడాడని, సరిగ్గా ఆ వేళకి ఫోన్లో ఉంచి తన ప్రాణం కాపాడాడని చెప్పింది. వాల్వు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మేస్త్రి వెనక వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. అందరూ నా వైపు తిరిగి చూస్తుంటే నేను తల ఎత్తలేకపోయాను.

"నా బిడ్డ చెప్పింది, నేను వెళ్ళి గ్యాసు తీసేశాను" అంది అమ్మ.

స్తోత్రం అంటూ అంతా చప్పట్లు కొట్టారు. తెరిచావా, మూశావా అని ఒక్కరు కూడా అడగలేదు.